మేరీ పిక్‌ఫర్డ్

కెనడా దేశమందలి టొరంటో నగరమున 1892వ సంవత్సరము ఏప్రిల్ 8వ తేదీన ఒక పేద కుటుంబమున గ్లాడిస్ స్మిత్ అను బాలిక జన్మించెను. ఇరువదియైదేండ్లు నిండునప్పటికి ఈ బాలికయే మేరీ పిక్‌ఫర్డ్ అను పేర చలనచిత్ర లోకమున మిక్కిలి ప్రసిద్ధి కెక్కినవారిలో ఒకతె యయ్యెను. ఆమె తరువాత లాటీ యను చెల్లెలును, జాక్ అను తమ్ముడును కలిగిరి. తండ్రి చిన్న చిన్న పనులు చేసి బ్రతుకువాడు, మద్యపానమునకు లోబడినవాడు. 1898లో పనిలో నుండగా జరిగిన ప్రమాదము మూలమున అతడు మరణించెను. గ్లాడిస్‌కు అప్పటికి ఆరవ యేడు నిండలేదు.

తల్లి షార్లట్ కుట్టుపని చేయుచు, ఇంటిలోని గదిని అద్దె కిచ్చుచు ముగ్గురు పిల్లలను పోషింపసాగెను. అద్దెకు వచ్చినవారిలో ఒకడు నాటకసమాజమున రంగస్థల నిర్వాహకుడు. పిల్లలను నాటకములో వేషము వేయుటకు పంపుమని అతడు షార్లట్‌ను కోరెను. ఆమె వెంటనే ఒప్పుకొనలేదు. నాటకములాడువారిని చులకనగా చూచుట మన దేశమునకే పరిమితమైన దోషము కాదు. ఆనాటి టొరంటోలో గౌరవముగల కుటుంబములవారును అట్లే చూచుచుండిరి. అయినను ఆకలి ముందు ఆ సంకోచము నిలువలేదు. 1900వ సంవత్సరము జనవరిలో ప్రిన్సెస్ నాటకశాలలో ప్రదర్శించిన ‘ది సిల్వర్ కింగ్’ అను నాటకమున ఏడేండ్ల గ్లాడిస్ ఒక బాలుని వేషమును, ఒక బాలిక వేషమును ధరించెను. నాటినుండి ఆ కుటుంబమునకు ఆమె సంపాదన ఆధారమయ్యెను.

తరువాతి ఏండ్లలో గ్లాడిస్ రైలుబండ్లలో అమెరికా దేశమంతయు తిరిగెను. తక్కువ తరగతికి చెందిన నాటకసమాజములు ఊరూర ప్రదర్శనము లిచ్చి పోవుచుండెడివి. తల్లికిని పిల్లలకును ఒకే సమాజమున వేషములు దొరకిన నాడు వారికి పండుగ. దొరకని నాడు ఒకరి నొకరు విడిచి వేరువేరు త్రోవల పోవలసివచ్చుచుండెను. పాఠశాలలో ఆమె గడపిన కాలము కొన్ని మాసములకు మించదు. ఇతర పిల్లలు బొమ్మలతో ఆడుకొను వయస్సున ఈ పిల్ల జీతపు డబ్బు తెచ్చి తల్లి చేతిలో పెట్టుచుండెను. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొనవలెను. ఆమె ముందు కథయంతయు దీనితో ముడిపడియున్నది.

1907వ సంవత్సరమున ఆమె యొక నిశ్చయము చేసికొనెను. ఆ వేసవిలో న్యూయార్కునందలి బ్రాడ్వే రంగస్థలమున మంచి వేషము లభించినచో సరి. లేనిచో నాటకములకు స్వస్తి చెప్పి మరియొక వృత్తి చూచుకొనవలెనని తలచెను. ఆ కాలమున డేవిడ్ బెలాస్కో అనునాతడు గొప్ప నాటక నిర్మాత. పదునైదేండ్ల గ్లాడిస్ పట్టువిడువక అతని దర్శనము సంపాదించి, ‘ది వారెన్స్ ఆఫ్ వర్జీనియా’ అను నాటకమున చిన్నపిల్ల వేషమును పొందెను. స్మిత్ అను పేరు నాటకప్రకటనలకు తగదని బెలాస్కో తలచి, ఆమె బంధుకుటుంబపు పేరులలో నొకటియగు పిక్‌ఫర్డ్‌ను ఎన్నుకొని, మేరీ పిక్‌ఫర్డ్ అని నామకరణము చేసెను.

ఆ నాటకము ముగిసిన పిమ్మట మరల పనిలేని దినములు వచ్చెను. 1909 ఏప్రిల్‌లో మేరీ న్యూయార్కులోని బయోగ్రాఫ్ చలనచిత్ర సంస్థ గడప త్రొక్కెను. అప్పటి చలనచిత్రములు ఐదు సెంట్లు చెల్లించి చూచు పది పదునైదు నిమిషముల మూకీ చిత్రములు. బ్రాడ్వేలో నటించినవారికి వానిలో కనబడుట నామోషీ. మేరీకిని అట్లే తోచెను గాని, ఇంటి ఖర్చు ఆగదు కదా! దర్శకుడు డి. డబ్ల్యు. గ్రిఫిత్ ఆమెను పరీక్షించి చేర్చుకొనెను. అచ్చటి నటులలో అనేకులకు దినమునకు ఐదు డాలర్లు జీతము. ఈ పదునేడేండ్ల పిల్ల పది డాలర్లకు బేరమాడి సాధించెను. ఆ యొక్క సంవత్సరమే ఆమె 51 చిత్రములలో నటించెను. అనగా ఇంచుమించు వారమున కొకటి కంటె నెక్కువ!

నాటకశాలలో చిట్టచివరి వరుసలో కూర్చున్నవానికి కనబడునట్లు చేతులు విసరి, కన్నులు త్రిప్పి నటింపవలసియుండును. ఆ పద్ధతినే అనేకులు చిత్రములలోనికిని తెచ్చిరి. కెమేరా ముఖమునకు దగ్గరగా వచ్చును గనుక ఆ ఆర్భాటము అనవసరమని మేరీ త్వరలోనే గ్రహించెను. చిన్న చూపు, పెదవి కదలిక చాలును. ఆమె నటన ప్రేక్షకులకు సహజముగా తోచెను. ఆనాడు చిత్రములలో నటుల పేరులు వేయుట లేదు. పేరు తెలియకున్నను, బంగారు ముంగురుల పిల్ల అని ప్రేక్షకులు ఆమెను గుర్తుపట్టుచుండిరి. చిత్రశాలల యజమానులు ఆ మాటనే ప్రకటనలలో వాడుకొనిరి.

1913లో ఆడాల్ఫ్ జూకర్ అను నిర్మాత సంస్థలో చేరినప్పుడు ఆమె జీతము వారమునకు 500 డాలర్లు. 1914లో ‘టెస్ ఆఫ్ ది స్టార్మ్ కంట్రీ’ విడుదలయ్యెను. ఆమె కీర్తి దేశదేశముల వ్యాపించెను. 1916లో వ్రాసికొనిన ఒడంబడిక ప్రకారము వారమునకు 10,000 డాలర్లు, లాభములలో సగము పాలు, తన చిత్రముల నిర్మాణముపై అధికారము ఆమెకు సంక్రమించెను. ఈ బేరములలో తల్లి షార్లట్ ఎప్పుడును ఆమె ప్రక్కనే యుండెను. దారిద్ర్యమును చూచినవారు గనుక తల్లీకూతుళ్లు ఒక్క డాలరును కూడ ఉపేక్షించెడివారు కారు.

1917లో వచ్చిన ‘ది పూర్ లిటిల్ రిచ్ గర్ల్’ అను చిత్రమున ఇరువదినాలుగేండ్ల మేరీ పదునొకండేండ్ల బాలికగా నటించెను. ఆమె పొట్టిది, సుమారు ఐదడుగుల ఎత్తు. ఆమెను మరింత చిన్నదానిగా చూపుటకై తలుపులను, కుర్చీలను మామూలుకంటె పెద్దవిగా చేయించిరి. ప్రక్కన పొడగరులను నిలిపిరి. దర్శకుడు టూర్నర్ గంభీరుడు. మేరీయు, కథారచయిత్రి ఫ్రాన్సిస్ మేరియనును కలసి, అతనికి ఇష్టము లేకున్నను, పిల్లలు ఒకరిపై నొకరు బురద చల్లుకొను ఘట్టమును చేర్చిరి. చిత్రమును చూచి సంస్థవారు పెదవి విరిచిరి. ప్రజలు మాత్రము విరగబడి చూచిరి. ఏడేండ్లనాడే సంపాదనకు దిగిన పిల్లకు బురదలో ఆడుకొను తీరిక ఇరువదినాలుగవ యేట గాని దొరకలేదన్నమాట.

ఆ విజయముతో ఆమెకు బాలిక వేషములు వెంటవెంట వచ్చెను. 1921లో నిర్మించిన ‘లిటిల్ లార్డ్ ఫాంట్‌లరాయ్’ చిత్రమున ఆమె తల్లిగాను, ఆ తల్లి కుమారుడుగాను కూడ నటించెను! తల్లి పొడవుగా కనబడుటకు ఎత్తైన పాదరక్షలు ధరించెను. కెమేరా కటకములో సగమును మూసి ఒక వేషమును చిత్రించి, ఫిలిమును వెనుకకు త్రిప్పి, రెండవ సగమున మరియొక వేషమును చిత్రించుట ఛాయాగ్రాహకుడు చార్లెస్ రోషర్ నేర్పు. కెమేరా వెండ్రుకవాసి కదలినను శ్రమయంతయు వృథా. కుమారుడు తల్లిని ముద్దిడు దృశ్యము తెరపై కొన్ని క్షణములు మాత్రమే కనబడును. దానిని చిత్రించుటకు పదునైదు గంటలు పట్టెను.

ఈ లోపుగా ఆమె వ్యాపారదక్షత మరియొక పని చేసెను. 1919లో చార్లీ చాప్లిన్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్, గ్రిఫిత్‌లతో కలసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ అను సంస్థను స్థాపించెను. నటులు తమ చిత్రములను తామే పంపిణీ చేసికొనుట దాని ఉద్దేశము. మరుసటి యేడు ఆమె ఫెయిర్‌బ్యాంక్స్‌ను వివాహమాడెను. పని లేక దైన్యమున పడిన చలనచిత్ర కార్మికులకై 1921లో సహాయనిధి నేర్పరచినవారిలోను ఆమె ముఖ్యురాలు.

ఇంతటి అధికారము గల స్త్రీకి ఒక్క అధికారము మాత్రము లేకపోయెను. పెద్దదగుటకు ప్రేక్షకులు ఆమెకు అనుమతి ఈయలేదు. 1923, 1924 సంవత్సరములలో యువతి పాత్రలు ధరించి చూచెను. వారి మనస్సు నిండలేదు. 1925లో ఒక సినిమా పత్రిక ద్వారా, తాను ఎట్టి పాత్రలు ధరింపవలెనో తెలుపుడని పాఠకులనే అడిగెను. వచ్చిన సమాధానములు సిండ్రెల్లా, హైడీ, ఆలిస్ వంటి బాలికలను గూర్చినవే. ఆమె వారి మాట కాదనలేదు. ముప్పదిమూడేండ్ల వయస్సున ‘లిటిల్ ఆనీ రూనీ’లో మరల చిన్నపిల్ల యయ్యెను. ప్రజాభిమానము కంటె బలమైన సంకెల మరియొకటి లేదేమో!

1928 మార్చిలో తల్లి కన్నుమూసెను. బాల్యమునుండి వెన్నంటియున్న ఆ తోడు పోయిన మూడు మాసములకు మేరీ న్యూయార్కులో తన బంగారు ముంగురులను కత్తిరించివైచెను. ఆ వార్తను పత్రికలు మొదటి పుటలో ప్రకటించెను. ఎందరో అభిమానులు కోపించిరి. 1929లో వెలువడిన ‘కోక్వెట్’ ఆమె మొదటి వాక్చిత్రము. కత్తిరించిన జుట్టుతో, యౌవనవతి పాత్రలో నటించి అకాడమీ వారి ఉత్తమ నటి బహుమానమును పొందెను. అయినను వాక్చిత్రముల యుగమున ఆమె ప్రభ నిలువలేదు. 1933లో ‘సీక్రెట్స్’ అను చిత్రముతో నటన విరమించెను. 1936లో ఫెయిర్‌బ్యాంక్స్‌తో వివాహము రద్దయ్యెను. తండ్రిని చెరచిన మద్యపానము ఆమెను కూడ పట్టుకొని పీడించెను.

తన మూకీ చిత్రములను చూచి భావితరములవారు నవ్వుదురేమోయని ఆమెకు భయము. తన మరణానంతరము వానిని నాశనము చేయించవలెనని కూడ ఒకప్పుడు తలచెను. పిదప మనస్సు మార్చుకొని 1970లో బయోగ్రాఫ్ నాటి 50 చిత్రములను అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు ఒసగెను. 1976లో అకాడమీవారు గౌరవ బహుమానమును ఆమె యింటికే తెచ్చి యిచ్చిరి. 1979 మే 29వ తేదీన ఆమె కాలిఫోర్నియాలో మరణించెను. అంతకుముందు, తాను పుట్టిన కెనడా పౌరసత్వమును మరల కోరి పొందెను.