గిట్టుబాటు ధర కోసం పోరాడిన రైతు బాంధవుడు ఆచార్య రంగా

భారత రైతాంగ ఉద్యమ నిర్మాతలలో అగ్రగణ్యులైన ఆచార్య ఎన్.జి. రంగా 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. ఆయన పూర్తి పేరు గోగినేని రంగనాయకులు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం అభ్యసించి, బి.లిట్. పట్టాతో స్వదేశానికి తిరిగి వచ్చి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. డెల్టా గ్రామాల ఆర్థిక స్థితిగతులపై ఆయన రచించిన గ్రంథం 1926లో వెలువడింది.

వరి పండించే చిన్న రైతుకు మిగులుతున్నదెంత అన్న ప్రశ్నే ఆయన ప్రజాజీవితానికి పునాది. కృష్ణా, గోదావరి డెల్టాలలో భూమి శిస్తును రూపాయికి మూడణాల చొప్పున, అనగా 18.75 శాతం పెంచాలని నాటి ప్రభుత్వం తలపెట్టింది. ఇంతలో 1929 నాటి ప్రపంచ ఆర్థిక మాంద్యంతో ధాన్యం ధరలు కుప్పకూలాయి. శిస్తు మాత్రం రొక్కంలోనే చెల్లించాలి. పంట కళ్ళంలో ఉండగానే అప్పులవారు, శిస్తు గడువు ముంచుకొచ్చేవి. ధాన్యం నిల్వ చేసుకోగల పెద్ద రైతు ధర పెరిగేవరకు ఆగగలడు. రెండెకరాల రైతు ధర అడుగంటిన సమయంలోనే అమ్ముకోక తప్పదు. భార్యాబిడ్డల చాకిరీకి కూలి కట్టి చూస్తే అతని లెక్కలో మిగులు ఉండదు. ఈ శిస్తు పెంపుదలకు వ్యతిరేకంగా రంగా రైతులను సంఘటితపరిచారు. నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయాన్ని స్థాపించి కార్యకర్తలను తీర్చిదిద్దారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఆవిర్భావంలో ముఖ్యపాత్ర వహించారు.

అయితే ధాన్యం ధర పెరిగితే గింజలు కొనుక్కుని తినే వ్యవసాయ కూలీ సంగతేమిటన్న విమర్శ ఆయన ఉద్యమాన్ని వెన్నంటే ఉంది. అది తోసిపుచ్చదగిన విమర్శ కాదు.

1959లో నాగపూరు కాంగ్రెసు ఆమోదించిన ఉమ్మడి సహకార వ్యవసాయ తీర్మానాన్ని, సొంత కమతంపై కుటుంబ సేద్యాన్నే విశ్వసించిన రంగా తీవ్రంగా వ్యతిరేకించారు. అదే సంవత్సరం ఏర్పడిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షులయ్యారు. 1965లో కేంద్రం వ్యవసాయ ధరల కమిషన్‌ను నెలకొల్పింది. ఇది ఏ ఒక్కరి కృషి ఫలితమో కాకపోయినా, మూడు దశాబ్దాలకు పైగా రైతు నాయకులు వినిపించిన వాదనకు అందులో చోటు దక్కింది. 1985లో ఆ కమిషన్ పేరులో ధరలతో పాటు సాగు ఖర్చులు కూడా చేరాయి.

1930లో కేంద్ర శాసనసభలో ప్రవేశించిన రంగా సుమారు ఆరు దశాబ్దాలు చట్టసభలలో రైతు వాణిని వినిపించారు. 1991లో పద్మవిభూషణ్ పురస్కారం లభించింది. 1995 జూన్ 9న పరమపదించారు. మరుసటి సంవత్సరం రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. సాంబ మసూరి వరి వంగడాన్ని రూపొందించిన బాపట్ల, ఆయన స్వగ్రామానికి సమీపంలోనే ఉంది.