అడగడానికి మొహమాటపడని దొర

క్రొత్తవారిని పలకరించాలంటే మనలో చాలామందికి జంకు. వారే ముందు మాట్లాడితే బాగుండునని ఎదురుచూస్తాం. ఈ విషయంలో మన కడపలో నివసించిన ఒక వ్యక్తి జీవితాన్ని గుర్తు చేసుకుందాం.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ దైవసేవకుడు. మద్రాసులో పరీక్ష కోసం కొంత తెలుగు నేర్చుకుని, 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చారు. అప్పటికి ఆయన వయస్సు 21 సంవత్సరాలు. ఊరు క్రొత్త, మనుష్యులు క్రొత్త. కచేరీ పని జరిగేంత భాష చాలునని ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. అధికారం చేతిలో ఉన్నా, తెలియనిది అడిగి తెలుసుకునే విద్యార్థి అయ్యారు.

తరువాత కడపలోనే బంగళా కొని పండితులను చేర్చుకున్నారు. సొంత డబ్బుతో, అప్పులు చేసి కూడా, వారికి జీతాలిచ్చారు. జూలూరి అప్పయ్య శాస్త్రి వంటివారితో కూర్చుని తాళపత్ర ప్రతులను సరిచూశారు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించారు. 1852లో వెలువడిన ఆయన నిఘంటువులో గ్రంథాల మాటలతోపాటు జనం నోటి మాటలూ ఉన్నాయి. జనంతో మాట్లాడనివారికి అవి దొరకవు.

1884లో ఆయన లండనులో కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట నేడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది.

పరిచయానికి గొప్ప మాటకారితనం అవసరం లేదు. ఎదుటివారికి తెలిసినదాన్ని మనస్ఫూర్తిగా అడిగితే చాలు. మన వీధికి క్రొత్తగా వచ్చినవారిని, మీది ఏ ఊరండీ అని ఈ వారమే మనం ముందుగా అడుగుదాం.