తన పేరు తానే పెట్టుకొన్న ఎరిక్‌సన్

బాలల మనస్తత్వాన్ని పరిశోధించిన ఎరిక్ ఎరిక్‌సన్ 1902 జూన్ 15వ తేదీన జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో జన్మించాడు. తల్లి కార్లా అబ్రహామ్‌సన్ డెన్మార్క్ దేశపు యూదు కుటుంబానికి చెందిన స్త్రీ. కన్నతండ్రి ఎవరో ఆమె కుమారునికి ఎన్నడూ చెప్పలేదు. ఎరిక్‌కు మూడేళ్ల ప్రాయంలో ఆమె కార్ల్‌స్రూహ పట్టణంలోని పిల్లల వైద్యుడైన థియోడర్ హోంబర్గర్‌ను వివాహమాడింది. ఆ వైద్యుడే తండ్రి అని బాలుణ్ణి నమ్మించారు. అది వాత్సల్యంతో ఆడిన అబద్ధమే. అయినా పసిమనస్సు పెద్దలు తలచినంత అమాయకమైనది కాదు. ఇంటిలో ఏదో దాచబడుతున్నదని ఎరిక్ చిన్ననాడే గ్రహించాడు.

అతడు పొడగరి. బంగారువన్నె జుట్టు, నీలికన్నులు. యూదుల ప్రార్థనామందిరంలో తోటి బాలురు అతనిని అన్యుడని వెక్కిరించేవారు. బడిలో జర్మన్ బాలురు యూదుడని దూరం పెట్టేవారు. ఇరువైపులా పరాయివాడైన ఆ బాలునికి తానెవరన్న ప్రశ్న పుస్తకాలలో చదివి తెలుసుకొన్నది కాదు, అనుభవించినది.

చదువు ముగిసిన పిమ్మట కొంతకాలం చిత్రకారుడై దేశాలు తిరిగాడు. 1927లో వియన్నా చేరి, ఒక చిన్న పాఠశాలలో ఉపాధ్యాయుడైనాడు. సిగ్మండ్ ఫ్రాయిడ్ కుమార్తె అన్నా ఫ్రాయిడ్ వద్ద మనోవిశ్లేషణ అభ్యసించాడు. 1930లో జోన్‌ను వివాహమాడాడు.

1933లో జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చాడు. రానున్న విపత్తును ముందుగా పసిగట్టిన ఎరిక్, భార్యాబిడ్డలతో ఆ యేడే వియన్నా విడిచాడు. తల్లి పుట్టిన డెన్మార్క్‌లో స్థిరపడదామనుకొన్నాడు గాని, అక్కడ పౌరసత్వం లభించలేదు. ఆ తిరస్కారమే ఆ కుటుంబాన్ని అమెరికాకు చేర్చింది. బోస్టన్ నగరంలో పిల్లలకు మనోవిశ్లేషణ చికిత్స చేసే తొలి నిపుణుడుగా అతడు పేరు పొందాడు. తల్లి, మారుతండ్రి కూడ జర్మనీ విడిచి పాలస్తీనాలోని హైఫా నగరంలో తలదాచుకొన్నారు.

1939లో అమెరికా పౌరసత్వం స్వీకరించినప్పుడు ఎరిక్ తన ఇంటిపేరును ఎరిక్‌సన్‌గా మార్చుకొన్నాడు. ఎరిక్ కుమారుడని దాని అర్థం. తండ్రి తెలియనివాడు తనకు తానే తండ్రియైనాడన్నమాట! ఈ మార్పులో యూదుడనన్న సంగతిని మరుగుపరచే ప్రయత్నమున్నదని 1970లలో కొందరు విమర్శించారు. అయితే మారుతండ్రి పేరును అతడు పూర్తిగా విడువలేదు. ఎరిక్ హెచ్. ఎరిక్‌సన్ అన్న పేరు నడుమనున్న అక్షరం హోంబర్గర్‌దే.

దక్షిణ డకోటాలోని సూ తెగ బాలలను అతడు దగ్గరగా పరిశీలించాడు. ఇంటిలో ఒక తీరుగా పెరిగిన ఆ పిల్లలకు ప్రభుత్వ పాఠశాల వేరొక తీరు నేర్పేది. రెంటి నడుమ వారు తమపై తమకు గల విశ్వాసాన్ని కోల్పోయేవారు. ఇటువంటి పరిశీలనలే 1950లో వెలువడిన 'బాల్యము, సమాజము' అన్న అర్థం వచ్చే గ్రంథానికి ఆధారమైనాయి. మానవ జీవితాన్ని ఆయన అందులో ఎనిమిది దశలుగా విభజించాడు. తొలి యేట శిశువుకు లోకంపై నమ్మకం కుదరాలి. నడక, మాట నేర్చే ప్రాయంలో తన పని తాను చేసుకోగలనన్న ధీమా కలగాలి. అప్పుడు అతిగా అదిలిస్తే సిగ్గు, సందేహం నాటుకొంటాయి. బడి యీడులో పని నేర్చిన తృప్తి దొరకనినాడు న్యూనతాభావం పుడుతుంది.

1918 నాటి అహమ్మదాబాద్ మిల్లు కార్మికుల సమ్మెను కేంద్రంగా చేసికొని గాంధీజీపై ఆయన రచించిన గ్రంథం 1969లో వెలువడి, మరుసటి సంవత్సరం పులిట్జర్ బహుమతిని పొందింది. 1994 మే 12న ఎరిక్‌సన్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని హార్విచ్‌లో మరణించాడు. అతివృద్ధుల స్థితిని వివరించే తొమ్మిదవ దశను జోన్ తాను రచించి, భర్త గ్రంథమొకదానికి చేర్చి 1997లో ప్రచురించింది.