యలవర్తి నాయుడమ్మ

యలవర్తి నాయుడమ్మ (సెప్టెంబరు 10, 1922 - జూన్ 23, 1985) అంతర్జాతీయ ఖ్యాతి గడించిన చర్మ సాంకేతిక శాస్త్రవేత్త. మద్రాసులోని కేంద్రీయ తోళ్ళ పరిశోధనా సంస్థకు సంచాలకునిగాను, శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి (సి.ఎస్.ఐ.ఆర్.)కి డైరెక్టర్ జనరల్‌గాను పనిచేశాడు. పేరు చివర అమ్మ అని ఉండడం వలన ఇతర ప్రాంతాల వారు స్త్రీ అని పొరబడే అవకాశమున్నది. గుంటూరు ప్రాంతంలో ఇది పురుషులకు పెట్టే పేరే.

బాల్యము, విద్యాభ్యాసము

నాయుడమ్మ ఆనాటి గుంటూరు జిల్లాలో, తెనాలి సమీపాన ఉన్న యలవర్రు గ్రామంలో వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయన శాస్త్రంలో పట్టభద్రుడయ్యాడు. తరువాత తోళ్ళ సాంకేతిక శాస్త్రాన్ని ఎంచుకొని, ఇంగ్లండులోను, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలోను ఉన్నత విద్య నభ్యసించాడు. తోలుపని చేసేవారిని ఊరికి వెలుపల ఉంచిన సమాజంలో ఒక రైతుబిడ్డ ఆ వృత్తినే తన శాస్త్రంగా చేసుకొనడం ఆ రోజులలో సామాన్య విషయం కాదు.

తోలు వెనుక ఉన్న శాస్త్రం

తోలు ప్రధానంగా కొల్లాజెన్ అనే ప్రోటీను నారల అల్లిక. కొల్లాజెన్ ప్రకృతిసిద్ధమైన పాలిమర్. మూడు పోగులను కలిపి తాడు పేనినట్లు మూడు గొలుసులు మెలివేసుకొని ఒక అణువు ఏర్పడుతుంది. దాని పొడవు సుమారు 300 నానోమీటర్లు, మందం 1.5 నానోమీటర్లు మాత్రమే. ఇటువంటి అణువులు కట్టలు కట్టి సన్నని నారలుగాను, ఆ నారలు కలిసి కంటికి కనిపించే పీచుగాను రూపొందుతాయి. ఈ మూడు పోగుల నిర్మాణాన్ని 1954-55లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్.రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. వారి ఎక్స్-కిరణ పరిశోధనకు కొల్లాజెన్ నమూనాలు పొరుగుననే ఉన్న తోళ్ళ పరిశోధనా సంస్థ నుండి లభించాయి.

పచ్చితోలును అట్లే వదిలివేస్తే కుళ్ళిపోతుంది, ఎండబెడితే చెక్కబారుతుంది. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ వంటి వాటిలోని టానిన్లు గాని, క్రోమియం లవణాలు గాని నారల నడుమకు చొచ్చుకొనిపోయి వాటిని పరస్పరం బంధించినప్పుడే అది నిలువ ఉండే తోలవుతుంది. ఈ బంధం ఎంత గట్టిదో తెలుసుకొనడానికి తోలు ముక్కను నీటిలో క్రమంగా వేడిచేసి, ఏ ఉష్ణోగ్రత వద్ద ముడుచుకొంటుందో చూస్తారు. పచ్చితోలు సుమారు 65 డిగ్రీల సెల్సియస్ వద్ద ముడుచుకొంటుంది. క్రోమియంతో బాగా పదును చేసినది మరిగే నీటికి కూడా తట్టుకొంటుంది. 1977లో పాలిఎసిటిలీన్ అనే పాలిమర్‌కు అయోడిన్ ఆవిరి తగిలించి దానిని విద్యుద్వాహకంగా మార్చారు. అక్కడ చేర్చిన పదార్థం విద్యుదావేశాన్ని కదిలేటట్లు చేస్తుంది, ఇక్కడ నారలను కట్టివేస్తుంది. పని వేరైనా, పాలిమర్‌లోకి అన్యపదార్థాన్ని పంపి గుణం మార్చడం రెండింటికీ సామాన్యం. తంగేడు చెక్కను నానబెట్టిన గ్రామీణ వృత్తికారునికి అణువుల సంగతి తెలియకపోయినా, ఆ పని మాత్రం తరతరాలుగా తెలుసు.

తోళ్ళ పరిశోధనా సంస్థ

1948లో శంకుస్థాపన జరిగిన ఈ సంస్థకు నాయుడమ్మ 1958 నుండి 1971 వరకు సంచాలకునిగా ఉన్నాడు. పరిశోధనాలయం, విశ్వవిద్యాలయంలో తోళ్ళ సాంకేతిక విద్య, పరిశ్రమ ఒకదానికొకటి ఆసరాగా ఉండాలన్నది ఆయన పద్ధతి. పరిశ్రమ ఉన్న చోటికే సంస్థ వెళ్ళాలని ఇతర రాష్ట్రాలలో శాఖలను పెంచాడు.

అప్పట్లో భారతదేశం అధికంగా పచ్చితోళ్ళను, సగం పదును చేసిన తోళ్ళను ఎగుమతి చేసేది. వాటిని కొన్న దేశాలు పాదరక్షలుగా, సంచులుగా మార్చి లాభం పొందేవి. ముడిసరుకు అమ్మినంతకాలం కూలి మనకు, లాభం ఇతరులకు అన్న పరిస్థితి మారాలంటే సంపూర్ణంగా తయారైన తోలును ఇక్కడనే చేయగల నేర్పు రావాలి. ఆ నేర్పును పరిశ్రమకు అందించడమే ఆయన సంస్థకు పెట్టుకొన్న ప్రధాన లక్ష్యం. సీతారామయ్య సంఘం సిఫారసుల తరువాత 1973లో సగం పదును చేసిన తోళ్ళ ఎగుమతిపై ప్రభుత్వం పరిమితులు విధించగలగడానికి ఈ పూర్వకృషి ఎంతో తోడ్పడింది. ఆయన పరిశోధనా పత్రాల కంటె ఇదే పెద్ద పని అనవచ్చును.

తరువాతి పదవులు

1971లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారం ఇచ్చింది. అదే సంవత్సరం సి.ఎస్.ఐ.ఆర్. డైరెక్టర్ జనరల్‌గా నియమితుడై 1977 వరకు కొనసాగాడు. శాస్త్రవిజ్ఞానాన్ని ఒక జిల్లా అవసరాలకు అన్వయించే ప్రయత్నంగా ఆ కాలంలో కరీంనగర్ పథకం చేపట్టారు. 1981-82లో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశాడు. వర్ధమాన దేశాల తోళ్ళ పరిశ్రమలకు ఐక్యరాజ్యసమితి పక్షాన సలహాదారుగా కూడా ఉన్నాడు.

మరణము

1985 జూన్ 23న కెనడా నుండి వస్తున్న ఎయిర్ ఇండియా విమానం కనిష్క, ఐర్లండు తీరం సమీపంలో అట్లాంటిక్ మహాసముద్రంపై బాంబు పేలి కూలిపోయింది. మరణించిన 329 మందిలో నాయుడమ్మ ఒకడు. అప్పటికి ఆయన వయస్సు 62 సంవత్సరాలు.