తండ్రి చూడని బిడ్డ

గోదావరీ మండలమున ఇంట బిడ్డ పుట్టినంతనే పెద్దలు వేసెడి లెక్కలు రెండు. బిడ్డ తల్లి కడుపున నున్న నెలలెన్ని? పుట్టిన పిదప గడచిన దినములెన్ని? నెలలు నిండని బిడ్డయైనచో ఆ రెండవ లెక్క మరింత భయముతో సాగును. ఏడవ నెల బిడ్డ దక్కుననియు, ఎనిమిదవ నెల బిడ్డ దక్కదనియు పూర్వము స్త్రీలు చెప్పుకొనెడివారు. ఆ నమ్మకము సరికాదు. తల్లి గర్భమున గడచిన ప్రతి వారమును శిశువునకు బలమే చేకూర్చునని నేటి వైద్యము చెప్పుచున్నది. కాని ఆ నమ్మకము వెనుకనున్న భయము మాత్రము నిజమైనది. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో నెలలు నిండి పుట్టిన బిడ్డయైనను మొదటి యేడు దాటునను నిశ్చయము లేకుండెను. పురిటి స్నానము, బారసాల, అన్నప్రాశనము, ఏడాది పండుగ ఇవన్నియు వేడుకలే యైనను, ఒక్కొక్కటియు ఒక గండము గడచినదను గుర్తుగా కూడ నుండెడిది.

అట్టి గండమును దాటలేకపోయిన ఒక శిశువునకు తండ్రి యల్లాప్రగడ సుబ్బారావు. ప్రపంచ వైద్యశాస్త్ర చరిత్రలో శాశ్వతస్థానము సంపాదించిన ఈ మహనీయుడు తన కుమారుని ముఖమైనను చూడలేదు. బిడ్డ పుట్టునప్పటికి ఆయన అమెరికాలో నుండెను. బిడ్డ పోవునప్పటికిని అచ్చటనే యుండెను.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము రెవిన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యముచే ఆయన ఉద్యోగమును ముందుగనే విడువవలసి వచ్చుటతో సంతానము గల ఆ కుటుంబము ఇబ్బందుల పాలయ్యెను. తల్లి వెంకమ్మ గట్టి మనసు గల ఇల్లాలు. పిల్లల చదువే ఇంటి దారిద్ర్యమునకు మందని ఆమె నమ్మెను. కుమారుడు మాత్రము చదువునందు నిలుకడ చూపలేదు. పదుమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, కాశీలో యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని బయలుదేరెను. వెంకమ్మ అతనిని వెనుకకు రప్పించి మరల బడిలో చేర్పించెను. రాజమహేంద్రవరమున చదువు సాగినది గాని మెట్రిక్యులేషన్ పరీక్ష కొఱుకుడు పడలేదు. తుదకు చెన్నపట్టణపు హిందూ హైస్కూలు నుండి మూడవ ప్రయత్నమున అతడు కృతార్థుడయ్యెను. నేడు ఒకసారి తప్పిన బాలుని గూర్చి నిరాశ పడెడి ఉపాధ్యాయులును తల్లిదండ్రులును ఈ మూడవ ప్రయత్నమును జ్ఞప్తియందుంచుకొనవలెను.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకొను కాలమున సుబ్బారావు మనసు రామకృష్ణ మఠము వైపు మరలెను. సన్న్యసింపగోరెను. తల్లి అంగీకరింపలేదు. తల్లి యనుమతి లేనిదే మఠము వారును స్వీకరింపలేదు. వైద్యము నేర్చి ప్రజలకు సేవ చేయుట మేలని వారు బోధింపగా ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. జాతీయోద్యమ ప్రభావమున శస్త్రచికిత్సాశాలకు ఖద్దరు దుస్తులతో వెళ్ళి, ఆంగ్లేయుడైన ఆచార్యుని ఆగ్రహమునకు గురియయ్యెను. వ్రాత పరీక్షలలో నెగ్గినను, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఆయనకు లభించెను. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో ఆయనకు వివాహమయ్యెను. అల్లుని చదువునకు మామగారి అండ లభించెను.

ఆ ఇంటిని మృత్యువు పలుమారులు తాకినది. సుబ్బారావు సోదరు లిద్దరు కొలది దినముల వ్యవధిలో స్ప్రూ అను వ్యాధిచే మరణించిరి. ఈ వ్యాధిలో ప్రేగులు ఆహారసారమును గ్రహింపజాలవు. ఎడతెగని విరేచనములచే రక్తము క్షీణించి మనిషి శుష్కించిపోవును. అదే వ్యాధి సుబ్బారావునకును సోకెను. డాక్టరు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సచే ఆయన బ్రతికి బయటపడెను. పాశ్చాత్య వైద్యమభ్యసించిన యువకుడు ఆయుర్వేదముచే ప్రాణము దక్కించుకొని, పిదప లక్ష్మీపతి గారు నడపుచున్న ఆయుర్వేద కళాశాలలోనే అధ్యాపకుడయ్యెను. సోదరులను హరించిన వ్యాధికి మూలమేమి, మందేమి అను ప్రశ్న ఆయనను వదలలేదు. దానికి సమాధానము వెదకుటకు అమెరికా పోవ నిశ్చయించెను. కాకినాడ లోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సహాయము చేయ వాగ్దానము చేసెను. మామగారును ధనము సమకూర్చిరి. ఇరువదియేడెనిమిదేండ్ల ప్రాయమున సుబ్బారావు బోస్టన్ నగరము చేరి హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య విద్యాలయమున ప్రవేశించెను.

ఆయన వెడలిన పిదప శేషగిరికి కుమారుడు కలిగెను. ఎదిగిన ఇద్దరు కుమారులను పోగొట్టుకొన్న వెంకమ్మకు మనుమడు పుట్టుట యెట్టి ఊరటయో ఊహించుట కష్టము కాదు. భర్త దూరదేశమున నుండగా ఒడిలో బిడ్డ యుండుట శేషగిరికి నిరీక్షణమును తేలిక చేసియుండును. నౌకలపై జాబులు చేరుటకు వారములు పట్టెడి రోజులవి. బిడ్డ పుట్టెనని వ్రాసిన జాబు తండ్రి చదువునప్పటికి ఆ బిడ్డ అప్పుడే కొంత ఎదిగి యుండును. అతడు బదులు వ్రాసిన మాటలు ఇల్లు చేరునప్పటికి మరికొంత ఎదిగియుండును. తండ్రి యెరిగిన బిడ్డ యెల్లప్పుడును గడచిన నెలలోని బిడ్డయే.

ఏడాది నిండకమునుపే ఆ శిశువు ఎరిసిపెలస్ అను చర్మవ్యాధిచే మరణించెను. ఆయుర్వేదమున దీనిని విసర్పమందురు. చర్మముపై ఏర్పడిన చిన్న గీత గుండ సూక్ష్మజీవులు లోనికి ప్రవేశించును. ఆ భాగము ఎర్రబారి, వాచి, మంట యంటుకొన్నట్లు నలుదెసల వ్యాపించును. తీవ్ర జ్వరము వచ్చును. పెద్దలు కొంతవరకు తట్టుకొందురు. శిశువు దేహమునకు అట్టి శక్తి తక్కువ. నెలలు నిండని శిశువులకు అది మరియు తక్కువ. తల్లి రక్తము నుండి బిడ్డకు చేరెడి రక్షకద్రవ్యములు అధికభాగము గర్భము చివరి వారములలోనే చేరును. నేడీ వ్యాధికి పెన్సిలిన్ చక్కని మందు. కాని నాడు పెన్సిలిన్ లేదు; దానికి ముందు వచ్చిన సల్ఫా మందులును 1930ల నడుమ గాని రాలేదు. తండ్రి వైద్యుడైనను, ఆ సమయమున బిడ్డ ప్రక్కనే యుండినను, చేయగలిగినది స్వల్పమే.

సుబ్బారావు స్వదేశమునకు మరలి రాలేదు. భార్యాభర్తలు మరల కలిసికొనలేదు. శేషగిరికి భర్తయు లేడు, బిడ్డయు లేడు. ఆయన కీర్తిని గూర్చి వ్రాయునప్పుడు ఆ ఇల్లాలు చెల్లించిన మూల్యమును విస్మరించుట న్యాయము కాదు.

బోస్టన్‌లో ఆయన జీవితము సుఖముగా సాగలేదు. పగలు చదువు, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు శుభ్రము చేయు పని. ఆచార్య సైరస్ ఫిస్కేతో కలిసి రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచుటకు ఒక విధానము కనుగొని 1925లో ప్రకటించెను. నేటికిని జీవరసాయన విద్యార్థులు ఫిస్కే, సుబ్బారావుల పేర్లతోనే దానిని నేర్చుకొందురు. 1927లో కండరములలో శక్తిని నిలువచేయు ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును వారు వెల్లడించిరి. జర్మనీలో కార్ల్ లోమన్ కూడ అదే సంవత్సరమున ఏ.టి.పి.ని కనుగొనెను. జీవకణము చేయు పనులన్నిటికిని ఖర్చగు నాణెము వంటిది ఏ.టి.పి. అప్పుడే పుట్టిన శిశువు తొలి శ్వాస పీల్చుటకు రొమ్ము కండరములు వెచ్చించునదియు అదియే. ఇంత చేసినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను ఊర గల లెడర్లీ ప్రయోగశాలలలో చేరెను.

అచ్చట ఆయన నాయకత్వమున జరిగిన కృషిలో పసిబిడ్డలకును తల్లులకును మిక్కిలి సన్నిహితమైనది ఫోలిక్ ఆమ్లము. దీని కథ మన దేశముననే మొదలైనది. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928 ప్రాంతమున బొంబాయికి వచ్చి, పేద గర్భిణులకు వచ్చు తీవ్రమైన రక్తహీనతను పరిశోధించెను. ఈస్ట్ సారము ఇచ్చినచో వారు కోలుకొనుచుండిరి. ఆ సారములో పనిచేయు పదార్థమేదో అప్పటికి తెలియదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి దానిని కొలదిగ రాబట్టి, ఆకు అను అర్థము గల లాటిన్ మాట నుండి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. టన్నుల కొలది ఆకుకూర నుండి చిటికెడు లభించు మందు ఎందరికి అందును? సుబ్బారావు బృందము 1945లో దానిని ప్రయోగశాలయందే తయారుచేయు మార్గము కనుగొనెను. నాటి నుండి అది సామాన్యులకు అందుబాటులోనికి వచ్చెను. స్ప్రూ రోగులకు ఇది గుణమిచ్చునని ఆ వెంటనే తేలినది. తన సోదరులను బలిగొన్న వ్యాధికి మందు వెదకుచు ఇల్లు విడిచిన మనిషికి ఇరువదేండ్లకు పైబడిన పిదప సమాధానము దొరికెను.

ఈ మందు ఉపయోగము అంతటితో ఆగలేదు. గర్భము ధరించుటకు ముందును, తొలి వారములలోను దీనిని తీసికొన్నచో శిశువు వెన్నుపాము సరిగా మూసికొనని పుట్టుక లోపము చాలవరకు తప్పునని 1991లో బ్రిటిషు వైద్యపరిశోధన మండలి తేల్చినది. అంతకుముందు అట్టి బిడ్డ పుట్టిన తల్లులలో ఆ లోపము మరల వచ్చుట నూటికి 72 పాళ్ళు తగ్గినది. నెలలు నిండక పుట్టిన శిశువులలో ఫోలేటు నిలువలు తక్కువ గనుక వైద్యులు వారి విషయమున దానిపై దృష్టి యుంచుదురు. మన దేశమున 1970 నుండి గర్భిణులకు ఇనుముతో కలిపి ఫోలిక్ ఆమ్లపు బిళ్ళలు ఇచ్చు కార్యక్రమము నడచుచున్నది. నేడు ఆ బిళ్ళలను 180 దినములు వాడవలెనని నియమము.

ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు పదార్థములను కూడ ఆ ప్రయోగశాలలో తయారుచేసిరి. వానిలో అమినాప్టెరిన్ ఒకటి. బోస్టన్‌లో డాక్టరు సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరుతో మరణమునకు చేరువైన 16 మంది పిల్లలకు దానిని వాడగా పది మందిలో మెరుగు కనబడినదని 1948లో ప్రకటించెను. ఆ మెరుగు తాత్కాలికమే. ఐనను అంతవరకు ఏ ఆశయు లేని తల్లిదండ్రులకు కొన్ని నెలలు దక్కినవి. ఆ త్రోవనే సాగిన పరిశోధనల ఫలితముగ ఆ వ్యాధి సోకిన పిల్లలలో పెక్కుమంది నేడు స్వస్థులగుచున్నారు. బోదకాలునకు హెట్రజాన్ అను మందు 1947లో ఆయన బృందమే వెలువరించెను. దోమలకును బోదకాలునకును పేరుమోసిన డెల్టా గ్రామములకు ఆ మందు గుళికలు ఇంటింటికిని చేరినవి.

1948లోనే బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు సుబ్బారావు నాయకత్వమున పనిచేయుచు మట్టిలోని సూక్ష్మజీవి నుండి రాబట్టిన ఆరియోమైసిన్ వెలువడినది. టెట్రాసైక్లిన్ వర్గపు మందులలో ఇదియే మొదటిది. పలువిధములైన సూక్ష్మజీవులను అది అణచును. ఐతే ఈ వర్గపు మందులు పసిపిల్లల దంతములకు మచ్చ తెచ్చునని పిమ్మట తెలియవచ్చుటచే నేడు శిశువులకు సాధారణముగా వానిని ఇయ్యరు. కనుక కొడుకును చంపిన వ్యాధికి తండ్రియే మందు కనుగొనెనని కథ యల్లుట సత్యము కాదు. విసర్పమునకు మందు వేరొకరి కృషి వలన లభించినది. బిడ్డ మరణమే ఆయనను ప్రయోగశాలకు కట్టివేసినదని చెప్పుటకును ఆధారము లేదు. చెప్పదగిన దొక్కటే. తన బిడ్డకు అందని రక్షణము ఇతరుల బిడ్డలకు అందించిన వారిలో ఆయనయు ఒకడు.

1948 ఆగస్టు నెలలో పెర్ల్ రివర్‌లో నిద్రయందే గుండె ఆగి సుబ్బారావు మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు. భారత ప్రభుత్వము 1995లో శతజయంతి సందర్భమున ఆయన చిత్రముతో తపాలా బిళ్ళ వెలువరించెను.

భీమవరమున ఏ ఆరోగ్యకేంద్రమునందైనను గర్భిణి చేతిలో నేడు పెట్టుచున్న బిళ్ళలో ఆ ఊరి బిడ్డడు చేసిన శ్రమ యున్నది. ఆ బిళ్ళ మ్రింగు తల్లికి ఆయన పేరు తెలియకపోవచ్చును. ఉపాధ్యాయులు ఆమె పిల్లలకైనను ఆ పేరు చెప్పవలెను. చెప్పునప్పుడు మూడుసార్లు పరీక్షకు కూర్చున్న విద్యార్థిని, కాశీ త్రోవ నుండి అతనిని మరలించిన తల్లిని, ఒంటరిగా మిగిలిన శేషగిరిని, ఏడాదియైనను నిండని ఆ పసివానిని కూడ తలచుకొనుట ఉచితము.