అగోచర భయాల కథకుడు లవ్‌క్రాఫ్ట్

భరతముని నాట్యశాస్త్రంలో చెప్పిన రసాలలో భయానకం ఒకటి. దానికి స్థాయిభావం భయం. పాశ్చాత్య సాహిత్యంలోనూ ఈ భావాన్ని ఆశ్రయించి ఎన్నో కథలు వెలువడ్డాయి. వాటిలో భయానికి కారణం చాలావరకు దయ్యమో, పాడుబడిన కోటో, పగబట్టిన మనిషో అయి ఉండేది. ఆ భయాన్ని అనంత విశ్వం వైపు మళ్ళించిన అమెరికన్ రచయిత హోవర్డ్ ఫిలిప్స్ లవ్‌క్రాఫ్ట్. జీవించి ఉన్నంతకాలం చవక పత్రికల రచయితగానే మిగిలిపోయిన ఆయన రచనలు కాలగర్భంలో కలిసిపోకుండా నిలవడానికి ఆయన సంపాదించుకున్న స్నేహాలే కారణం.

లవ్‌క్రాఫ్ట్ 1890 ఆగస్టు 20న రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరంలో జన్మించాడు. తండ్రి విన్‌ఫీల్డ్ ఊరూరా తిరిగి ఒక వ్యాపార సంస్థ సరుకులు అమ్మేవాడు. బాలునికి మూడేళ్ళు నిండకముందే, 1893లో, తండ్రికి మతి చలించింది. ఆయన బట్లర్ ఆసుపత్రిలో ఐదేళ్ళు గడిపి 1898లో మరణించాడు. తల్లి సూసన్, మాతామహుడు విపుల్ ఫిలిప్స్ బాలుణ్ణి పెంచారు. తాతగారి గ్రంథాలయం అతని తొలి పాఠశాల. అరేబియన్ రాత్రుల కథలను, గ్రీకు పురాణగాథలను, ఎడ్గార్ ఎలన్ పో కథలను అతడు చిన్ననాటనే చదివాడు. ఖగోళశాస్త్రంపై ఆసక్తితో బాల్యంలోనే సొంతంగా చిన్న పత్రిక తయారు చేశాడు. 1906 నుండి స్థానిక పత్రికలకు ఖగోళ వ్యాసాలు రాశాడు.

1904లో తాత మరణంతో కుటుంబ ఐశ్వర్యం కరిగిపోయింది. పుట్టి పెరిగిన ఇంటిని విడిచిపెట్టవలసి రావడం ఆ బాలుని మనస్సుపై చెరగని గాయం చేసింది. 1908లో తీవ్రమైన మానసిక దౌర్బల్యం కలిగి ఉన్నత పాఠశాల చదువు మధ్యలోనే ఆగింది. విశ్వవిద్యాలయంలో చేరాలన్న కోరిక నెరవేరలేదు. ఆ తర్వాత కొన్ని సంవత్సరాలు దాదాపు ఏకాంతవాసం చేశాడు. 1914లో ఔత్సాహిక రచయితల సంఘంలో చేరడంతో ఆయన జీవితం మలుపు తిరిగింది. లోకంతో తెగిపోయిన సంబంధం అక్షరాల ద్వారా తిరిగి ఏర్పడింది.

తల్లి కూడా మానసిక వ్యాధికి లోనై, తండ్రి కన్నుమూసిన ఆసుపత్రిలోనే 1921లో మరణించింది. 1924లో లవ్‌క్రాఫ్ట్ సోనియా గ్రీన్‌ను వివాహం చేసుకొని న్యూయార్క్‌లో కాపురం పెట్టాడు. ఆమె వ్యాపారం దెబ్బతిన్నది. ఆయనకు ఉద్యోగం దొరకలేదు. 1926లో ఆయన ఒంటరిగా ప్రావిడెన్స్ చేరుకున్నాడు.

ఆ కాలంలో అమెరికాలో కలప గుజ్జుతో చేసిన ముతక కాగితంపై అచ్చయ్యే కథల పత్రికలకు గిరాకీ ఉండేది. ఆ కాగితాన్ని బట్టే వాటికి పల్ప్ పత్రికలన్న పేరు వచ్చింది. వాటిలో 1923లో ప్రారంభమైన ‘వియర్డ్ టేల్స్’ ఒకటి. లవ్‌క్రాఫ్ట్ ప్రసిద్ధ కథలలో అనేకం అందులోనే వెలువడ్డాయి. 1928లో వచ్చిన ‘ది కాల్ ఆఫ్ కతుల్హూ’లో సముద్రగర్భంలో నిద్రిస్తున్న ఒక మహాజీవి కనిపిస్తుంది. 1927లో మరో పత్రికలో వచ్చిన ‘ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్’లో ఆకాశం నుండి రాలిన ఉల్కతో పాటు వచ్చిన వింత వర్ణం ఒక రైతు కుటుంబాన్ని కబళిస్తుంది. ఈ శక్తులకు మానవునిపై ద్వేషం లేదు, దయ లేదు. వాటి దృష్టిలో మానవుడు లెక్కకు రాడు. లవ్‌క్రాఫ్ట్ కథలలోని అసలు భయం ఇదే. శాస్త్రజ్ఞుని నివేదికలా వివరాలు పేర్చి నమ్మించడం ఆయన పద్ధతి. ఆయన కల్పించిన ‘నెక్రోనామికాన్’ అనే గ్రంథం నిజంగానే ఉందని నమ్మి వెతికినవారున్నారు. విశేషణాల బరువు ఎక్కువైందన్న విమర్శ కూడా ఆయన శైలిపై ఉంది.

ఆయన వ్యక్తిత్వంలో ఒక పెద్ద లోపం ఉంది. నల్లజాతివారిని, వలస వచ్చినవారిని ఆయన చిన్నచూపు చూశాడు. యూదు మహిళను పెళ్ళాడి కూడా యూదులపై ద్వేషాన్ని వీడలేదు. ఆ విద్వేషం లేఖలకే పరిమితం కాక, 1927లో అచ్చయిన ‘ది హారర్ ఎట్ రెడ్ హుక్’ వంటి కథలలోకీ ప్రవేశించింది. విశ్వం ముందు మానవజాతి మొత్తం అల్పమని చెప్పిన రచయిత మనుషులలో హెచ్చుతగ్గులు ఎంచడం విచారకరం. ప్రపంచ ఫాంటసీ పురస్కారంగా ఇస్తూ వచ్చిన ఆయన ముఖప్రతిమను మార్చాలని 2015లో నిర్వాహకులు నిర్ణయించడానికి ఈ విద్వేషంపై వచ్చిన నిరసనే నేపథ్యం.

రచనల వల్ల ఆయనకు దక్కిన ఆదాయం స్వల్పం. ఇతరుల రాతప్రతులను సరిదిద్దుతూ, పొదుపుగా తింటూ కాలం గడిపాడు. 1931లో రాసిన ‘ఎట్ ది మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ నవలికను ‘వియర్డ్ టేల్స్’ తిరస్కరించడంతో ఎంతో కుంగిపోయాడు. 1936లో మరో పత్రిక దానిని ప్రచురించినా, ఇష్టానుసారం కత్తిరించిన పాఠం ఆయనను మరింత బాధించింది.

ఇంతటి నిరాశలోనూ మిత్రులకు లేఖలు రాయడం మానలేదు. ఆయన రాసిన లేఖలు వేల సంఖ్యలో ఉన్నాయి. కొన్ని పదుల పుటలకు సాగేవి. ఉత్తరం రాసిన కుర్రవాడిని కూడా సమానుడిగా భావించి సలహాలిచ్చేవాడు. అలా ప్రోత్సాహం పొందిన రాబర్ట్ బ్లాక్ 1959లో ‘సైకో’ నవల రాసి ప్రసిద్ధుడయ్యాడు.

1937 మార్చి 15న పేగు క్యాన్సర్‌తో లవ్‌క్రాఫ్ట్ మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 46 సంవత్సరాలు. తన రచనలు తనతోనే అంతరిస్తాయని ఆయన తలచి ఉండవచ్చు. మిత్రులు అలా జరగనివ్వలేదు. రాబర్ట్ బార్లో అనే యువకుడు రాతప్రతులను బ్రౌన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేర్చాడు. ఆగస్ట్ డెర్లెత్, డొనాల్డ్ వాండ్రే 1939లో ‘ఆర్ఖమ్ హౌస్’ అనే ప్రచురణ సంస్థను స్థాపించి ఆయన కథలను గ్రంథరూపంలో తెచ్చారు. 1977లో అభిమానులు చందాలు వేసుకొని ఆయన సమాధిపై పేరు చెక్కిన రాయి నిలిపారు. 2005లో అమెరికా ఉత్తమ సాహిత్యాన్ని ప్రచురించే ‘లైబ్రరీ ఆఫ్ అమెరికా’ ఆయన కథల సంపుటాన్ని వెలువరించింది.

ముతక కాగితంపై అచ్చయిన ఆ కథలు ఈనాడు విశ్వవిద్యాలయాలలో అధ్యయన విషయాలు. లవ్‌క్రాఫ్ట్ ప్రతిభను గౌరవించాలి. ఆయన విద్వేషాన్ని నిరాకరించాలి. ఈ రెండింటినీ వేరుచేసి చూడగల వివేకం పాఠకునికి అవసరం. మానవుణ్ణి విశ్వం పట్టించుకోదని జీవితాంతం రాసిన ఆ రచయితను మరుపు నుండి కాపాడినవారు, ఆయనను పట్టించుకున్న కొద్దిమంది మానవులే.