విక్టోరియా రాణి కంటే ముందు... షార్లెట్

మన అమ్మమ్మల ట్రంకుపెట్టెల్లో విక్టోరియా రాణి బొమ్మ ఉన్న వెండి రూపాయి ఒకటైనా ఉండేది. ఆ రాణి పేరు చాలామంది విన్నదే. కానీ ఇంకో ఆడపిల్ల పురిట్లో పోబట్టే విక్టోరియా పుట్టిందన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు? ఆ పిల్ల పేరు షార్లెట్. బతికుంటే ఇంగ్లండు సింహాసనం ఆమెదే అయ్యేది. పోయేనాటికి ఆమె వయసు ఇరవై ఒక్కేళ్ళు. నెలలు నిండి, చెప్పిన తేదీ దాటి, యాభై గంటలు నొప్పులు పడి, చనిపోయిన బిడ్డని కంది. ఐదారు గంటల్లో తనూ కన్నుమూసింది.

తేదీ దాటినా నొప్పులు రాక, మందు పెట్టి రప్పించుకున్న తల్లులు ఈ పేజీ చదివేవాళ్ళలో చాలామందే ఉంటారు. నేనూ వాళ్ళలో ఒకదాన్ని. అందుకే ఈ రాకుమారి జీవితం చదువుతుంటే రాజుల కథలా అనిపించలేదు. మన కాన్పుల గదిలో జరిగినట్టే అనిపించింది.

మనసున్న పిల్ల, మాట పట్టున్న పిల్ల

షార్లెట్ 1796 జనవరి 7న లండన్‌లోని కార్ల్‌టన్ హౌస్‌లో పుట్టింది. తండ్రి జార్జ్ అప్పటికి యువరాజు. తల్లి కరోలైన్ జర్మనీలోని బ్రన్‌స్విక్ రాజవంశం ఆడపడుచు. ఆ భార్యాభర్తలకి మొదటినించీ పడలేదు. బిడ్డ పుట్టిన కొన్నాళ్ళకే ఎవరి దారి వాళ్ళదైంది. పాపం, ఆ పిల్ల తల్లిని చూడాలన్నా తండ్రి దయ ఉండాల్సిందే. దాదుల చేతుల్లో, టీచర్ల చేతుల్లో పెరిగింది.

తాత మూడో జార్జ్‌కి పదిహేనుమంది పిల్లలు. అంత సంతానం ఉన్నా చట్టప్రకారం వారసత్వానికి పనికొచ్చే మనవరాలు షార్లెట్ ఒక్కతే. దేశం ఆశలన్నీ ఆమె మీదే.

యుక్తవయసు రాగానే తండ్రి హాలండు యువరాజు విలియంతో సంబంధం కుదిర్చాడు. ముందు సరేనంది. పెళ్ళయ్యాక ఆ దేశంలో కూడా కాపురం ఉండాల్సి వస్తుందని తెలిశాక 1814లో ఆ సంబంధం తనే వద్దనేసింది. తండ్రి మండిపడ్డాడు. ఆమె దగ్గరున్న వాళ్ళందరినీ తీసేసి, ఊరికి దూరంగా ఉంచుతానన్నాడు. షార్లెట్ ఏం చేసిందో తెలుసా? ఇంట్లోంచి వీధిలోకి పరుగెత్తి, అద్దెబండి ఎక్కి, తిన్నగా తల్లి ఇంటికి వెళ్ళిపోయింది. పెద్దలంతా చేరి నచ్చజెప్పి మర్నాడు వెనక్కి తీసుకెళ్ళారనుకోండి. ఆ వేసవిలోనే తల్లి దేశం విడిచి వెళ్ళింది. తల్లీకూతుళ్ళు మళ్ళీ కలుసుకోలేదు.

చివరికి తనకి నచ్చినవాడినే చేసుకుంది. అతను జర్మనీకి చెందిన లియోపోల్డ్. రాచబిడ్డే గానీ ఆస్తిపాస్తులు అంతంతమాత్రం. 1816 మే 2న పెళ్ళయింది. సరే అనే జిల్లాలో క్లేర్‌మాంట్ అనే భవనంలో కాపురం పెట్టారు. చిన్నప్పటినించీ ఇల్లంటే ఎరగని పిల్లకి అదే మొదటి ఇల్లు.

తేదీ దాటింది

రెండుసార్లు గర్భం నిలవలేదు. 1817లో మూడోసారి నిలిచింది. అక్టోబర్ 19 ప్రాంతంలో కాన్పు అవుతుందని లెక్కగట్టారు. కాన్పు చేయడానికి సర్ రిచర్డ్ క్రాఫ్ట్‌ని పెట్టారు. లండన్‌లో పెద్దింటి కాన్పులకి పేరున్న మనిషి. ఆనాటి పద్ధతి ప్రకారం ఆమెకి తిండి తగ్గించి, అప్పుడప్పుడూ ఒంట్లోంచి నెత్తురు తీసేవాళ్ళు. గర్భిణికి నెత్తురు ఎక్కువైపోతుందని, బిడ్డ మరీ పెరిగిపోతుందని అప్పటి నమ్మకం. ఇద్దరి కోసం తినమని కంచంలో మరో ముద్ద వడ్డించే మన అమ్మలు చూస్తే ఏమనేవారో!

అక్టోబర్ 19 వచ్చింది, వెళ్ళింది. నొప్పుల జాడ లేదు. రెండు వారాలు గడిచాక నవంబర్ 3 సాయంత్రం మొదలయ్యాయి. రాజ్యానికి వారసుడు పుడుతున్నాడు కాబట్టి మంత్రులు సాక్షులుగా పక్కగదిలో కూర్చున్నారు. అరవను, గోల చేయనని షార్లెట్ దగ్గరున్న నర్సుకి మాటిచ్చిందట. అలాగే ఓర్చుకుంది. తండ్రి ఊళ్ళో లేడు. తల్లి పరాయిదేశంలో ఉంది. పక్కన భర్త ఉన్నాడు, అదొక్కటే ఊరట.

నవంబర్ 4 రాత్రికి గర్భసంచి ముఖద్వారం పూర్తిగా తెరుచుకుంది. ఇక బిడ్డ రావడమే తరువాయి. కానీ రాలేదు. ఆ తర్వాత ఇంకో ఇరవై నాలుగు గంటలు గడిచాయి. నొప్పులు బలహీనపడ్డాయి. ఫోర్సెప్స్ వాడాల్సి వస్తుందేమోనని డాక్టర్ జాన్ సిమ్స్‌ని పిలిపించారు. ఆయన వచ్చాడు గానీ ఆమె గదిలోకి అడుగుపెట్టలేదు. పనిముట్లు ఇంట్లోనే ఉన్నాయి, ఎవరూ ముట్టుకోలేదు. నవంబర్ 5 రాత్రి తొమ్మిదింటికి మగబిడ్డ పుట్టాడు. తొమ్మిది పౌన్ల బిడ్డ, అంటే నాలుగు కిలోలు. ఎంత ప్రయత్నించినా ఊపిరి రాలేదు. మాయ కూడా సరిగా రాకపోతే చెయ్యిపెట్టి తీశారు. మొదట తేరుకున్నట్టే కనిపించింది. అర్ధరాత్రికి వాంతులు, కడుపునొప్పి, చెవుల్లో హోరు. తెల్లవారుజామున రెండున్నరకి ప్రాణం పోయింది. ఆమె ఎందుకు పోయిందని తర్వాతి తరాల డాక్టర్లు చాలా వాదించుకున్నారు. రక్తస్రావమే కారణమని వాళ్ళలో చాలామంది అభిప్రాయం.

తప్పెవరిది?

నల్లబట్ట దుకాణాల్లో అయిపోయేంతగా దేశం దుఃఖించింది. విండ్సర్‌లోని సెయింట్ జార్జ్ చాపెల్‌లో తల్లిని, ఆమె కాళ్ళ దగ్గర బిడ్డని పడుకోబెట్టారు. జనమంతా క్రాఫ్ట్‌ని తిట్టిపోశారు. రాజకుటుంబం మాత్రం అతన్ని తప్పుపట్టలేదు. అయినా అతను తట్టుకోలేకపోయాడు. 1818 ఫిబ్రవరి 13న, ఇంకొక తల్లి కాన్పు కోసం వెళ్ళిన ఇంట్లోనే పిస్తోలుతో కాల్చుకుని చచ్చిపోయాడు. ఒక తల్లి, ఒక బిడ్డ, ఒక వైద్యుడు. 1951లో సర్ ఎర్డ్‌లీ హాలండ్ అనే వైద్యుడు దీనికి మూడు ప్రాణాల కాన్పు విషాదమని పేరుపెట్టి పెద్ద ప్రసంగమే చేశాడు.

క్రాఫ్ట్ నిర్లక్ష్యం చేసిన మనిషి కాదు. తన పుస్తకం చెప్పినట్టే చేశాడు. ఆ పుస్తకం రాసింది అతని మామగారు థామస్ డెన్మన్. ఫోర్సెప్స్ పట్టే ముందు బిడ్డ తల బాగా కిందికి దిగి ఆరుగంటలైనా ఆగాలని ఆయన సూత్రం. దానికీ కారణం ఉంది. మత్తుమందు లేదు. చేతులు, పనిముట్లు క్రిములు లేకుండా చేయాలన్న జ్ఞానం లేదు. ఎక్కించడానికి నెత్తురు లేదు. తొందరపడి పనిముట్టు పట్టుకుని తల్లుల్ని చంపినవాళ్ళని చూసి చూసి డెన్మన్ ఆ మాట చెప్పాడు.

విచిత్రమేమిటంటే నొప్పులు రప్పించే పద్ధతి గురించి కూడా అదే డెన్మన్ రాశాడు. కటి ఎముకలు ఇరుకైన తల్లికి నెలలు నిండకముందే ఉమ్మనీటి సంచి చిదిపి నొప్పులు తెప్పించవచ్చని 1756లోనే లండన్ వైద్యులు కూడి మంచిచెడ్డలు ఆలోచించి ఒప్పుకున్నారు. అంటే షార్లెట్ పురుడికి అరవై ఏళ్ళ ముందునించే ఆ ఊళ్ళో ఆ విద్య ఉంది. తేదీ దాటిన తల్లికి దాన్ని వాడాలన్న ఆలోచన మాత్రం ఇంకా రాలేదు. నమ్మకంగా పనిచేసే మందూ లేదు. ఎర్గాట్ అనే మందుని 1808లో అమెరికా డాక్టరు ఒకరు వాడి చూపించారు గానీ, దాని జోరుకి కడుపులో బిడ్డలు చనిపోవడంతో బిడ్డ పుట్టాక రక్తం ఆపడానికే ఉంచేశారు.

ఈ కథలో నన్ను పట్టుకున్న సంగతి ఒకటుంది. ఆ గదిలో ఎవరూ ఏమీ చేయలేదని అనుకుంటాం. కానీ చేయకపోవడం కూడా ఒక నిర్ణయమే. ప్రతి గంటా ఎవరో ఒకరు ఇంకాసేపు చూద్దామని నిర్ణయించుకుంటూనే ఉన్నారు. రాజు కాబోయేవాడిని కాదని వీధిలోకి పరుగెత్తిన పిల్ల, ఆ యాభై గంటల్లో నోరు కట్టుకుని పడుకుంది.

మా సెలైన్ సీసా

అంత పెద్దింటి కథ పక్కన నా కథ చిన్నదే. మొదటి కాన్పుకి తేదీ దాటి వారమైంది. పొద్దున్నే రమ్మన్నారు. చేతికి సూది గుచ్చి సెలైన్ పెట్టారు. అందులో ఏం కలిపారో, ఎందుకు కలిపారో ఒక్కరూ చెప్పలేదు. మెల్లగా వస్తాయనుకున్న నొప్పులు ఊపిరి తిప్పుకోనీయకుండా ఒకదాని మీద ఒకటి వచ్చాయి. మా అత్తగారు అవి దేవుడిచ్చిన నొప్పులు కావని గొణిగింది. బిడ్డ క్షేమంగా పుట్టింది. కానీ ఆ రోజు తలుచుకుంటే నొప్పి కంటే ముందు గుర్తొచ్చేది నాకేం జరుగుతోందో నాకే తెలియకపోవడం.

ఆ సీసాలో ఉండే మందు పేరు ఆక్సిటోసిన్. నిజానికి అది మన ఒంట్లో ఊరేదే. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి సారానికి గర్భసంచిని ముడుచుకునేలా చేసే గుణం ఉందని హెన్రీ డేల్ 1906లో కనిపెట్టాడు. 1953లో అమెరికాలో విన్సెంట్ డు విన్యో దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. 1955లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి అత్తగార్లూ, అది మరీ పరాయి నొప్పేం కాదు! అయితే బొట్టు బొట్టుగా, లెక్కగా ఇవ్వాలి. మోతాదు మించితే గర్భసంచి విడుపు లేకుండా బిగుసుకుపోతుంది, బిడ్డకి ప్రాణవాయువు తగ్గుతుంది. అందుకే మందు ఎక్కుతున్నంతసేపూ బిడ్డ గుండె చూస్తూనే ఉండాలి.

ఆగడమా, తెప్పించడమా?

నలభై ఒక్క వారాలు కచ్చితంగా నిండిన తల్లికి నొప్పులు రప్పించడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫార్సు చేసింది. ఏ ఇబ్బందీ లేకపోతే అంతకుముందు వద్దంది. తేదీ బాగా దాటేకొద్దీ బిడ్డకి ప్రమాదం పెరుగుతుంది కనుక. ఆ లెక్కన షార్లెట్‌ని ఈనాటి డాక్టరమ్మ నవంబర్ దాకా ఆగనిచ్చేది కాదు.

మందు పెడితే చివరికి ఆపరేషనే అవుతుందని మనవాళ్ళలో ఒక భయం ఉంది. మొదటి కాన్పు వాళ్ళు ఆరువేలమందికి పైగా పాల్గొన్న అమెరికా అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. 39వ వారంలో నొప్పులు రప్పించిన వాళ్ళలో 18.6 శాతానికి ఆపరేషన్ అయితే, ఆగి చూసినవాళ్ళలో 22.2 శాతానికి అయింది. అందరికీ ఇదే వర్తిస్తుందని కాదు. ముఖద్వారం మెత్తబడిందా, ముందు ఆపరేషన్ కుట్టు ఉందా అన్నదాన్నిబట్టి మారుతుంది. పాత కుట్టు ఉన్నవాళ్ళకి కొన్ని మందులు అసలు వాడకూడదు, గర్భసంచి చిరిగే ప్రమాదం ఉంది.

మన దగ్గర బెడద ఆగడం కాదు, తొందర. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్లే. ముహూర్తం చూసి మరీ కోయించుకునేవాళ్ళున్నారు. అక్కడ పుస్తకం చెప్పిందని ఆగారు, ఇక్కడ పంచాంగం చెప్పిందని తొందరపడుతున్నారు. తల్లి ఒంటిని చూసి తీసుకోని నిర్ణయం ఏదైనా ఒకటే.

ఒక మరణం, ఒక రాణి

షార్లెట్ పోయాక వారసుల కోసం ఆమె బాబాయిలు పెళ్ళిళ్ళకి పరుగులు తీశారు. వాళ్ళలో ఒకరైన కెంట్ ప్రభువు లియోపోల్డ్ అక్కనే చేసుకున్నాడు. 1819 మే 24న వాళ్ళకి పుట్టిందే విక్టోరియా. 1837లో రాణి అయింది. తొమ్మిదిమందిని కంది. 1853లో ఎనిమిదో కాన్పుకి డాక్టర్ జాన్ స్నో చేత క్లోరోఫాం తీసుకుంది. కాన్పు నొప్పి తగ్గించుకోవడం పాపమని అనుకునే రోజుల్లో రాణే తీసుకునేసరికి మిగతావాళ్ళకీ ధైర్యం వచ్చింది. ఆ బిడ్డకి లియోపోల్డ్ అనే పేరు పెట్టింది. షార్లెట్ భర్త పేరే అది.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఎవరికైనా తేదీ దగ్గరపడితే, డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఈ నాలుగూ కాగితం మీద రాసిచ్చి పంపండి. ఎందుకు తెప్పిస్తున్నారు? ఏ మందుతో? బిడ్డ గుండె ఎలా చూస్తారు? నొప్పులు రాకపోతే తర్వాత ఏం చేస్తారు? ఆగుదామన్నా సరే, ఎన్నాళ్ళు, ఎందుకని అడగమనండి. అడిగితే డాక్టరు ఏమనుకుంటారోనని మొహమాటపడొద్దు. మంచి డాక్టరమ్మ ఏమీ అనుకోదు, కూర్చోబెట్టి చెబుతుంది.